తాబేళ్ల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది, విశాఖ నుంచి ఎలా మొదలుపెట్టాలి?

తీరంపిల్ల
జనవరి 18, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది జోడుగుళ్లపాలెం దగ్గర. జువాలజీలో ఎమ్మెస్సీ పూర్తయి మూడేళ్లయింది. ఇప్పుడు పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ మూడు సీజన్లుగా, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, సెలవు దొరికిన ప్రతి తెల్లవారుజామునా హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే చోటుకి) గుడ్లు తెచ్చేవాళ్లతో కలిసి ఇసుకలో నడుస్తున్నాను. ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిన జాడ చూసిన రోజు ఆఫీసులో కూర్చున్నా మనసు అక్కడే ఉంటుంది.

మొన్న ఆదివారం సాగర్‌నగర్ దగ్గర ఒక తాబేలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. బ్యాగులో ఉన్న దర్జీ టేపుతో పెంకు కొలిచాను. 68 సెంటీమీటర్లు. ఒంటి మీద గాయం లేదు. ముందు రెక్క మొదట్లో నైలాన్ దారం ఒరుసుకున్న గీత మాత్రం సన్నగా, లోతుగా ఉంది. నా నోట్‌బుక్‌లో అది 41వది. తేదీ, చోటు, కొలత రాసుకుంటాను. కానీ రాసి ఏం చేయాలో తెలియడం లేదు.

వన్యప్రాణులు, ప్రకృతి వనరుల నిర్వహణలో డాక్టరేట్ చేయాలనుకుంటున్నాను. నాకు 26 ఏళ్లు. ఎక్కడ చేయాలి, విదేశాలకు వెళ్లాలా, ఇక్కడే ఉండి చేయొచ్చా? నాన్న ఒకటే అడుగుతున్నారు, "ఆరేళ్లు చదివాక ఏమవుతావమ్మా?" అని. ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


కొండవాగు
జనవరి 18, రాత్రి 11:05

చెల్లెమ్మా, నేను నాలుగో ఏడాది పీహెచ్‌డీలో ఉన్నాను. ఫీల్డ్ అంతా మన తూర్పు కనుమల్లోనే. ముందు దారులు చెప్తాను, మిగతావి నెమ్మదిగా మాట్లాడుకుందాం.

మొదటిది నెట్, అంటే జాతీయ అర్హత పరీక్ష. సీఎస్ఐఆర్ లైఫ్ సైన్సెస్ పేపర్ రాయొచ్చు. అందులో యూనిట్ 10, 11 జీవావరణం, పరిణామం, ప్రవర్తన. నీకు ఇష్టమైనవి అవే కాబట్టి గట్టిగా పట్టుకో. లేదా యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రం ఉంది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42 వేలు, దానికి తోడు ఇంటద్దె భత్యం. 2024 నుంచి యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ రాకపోయినా ఆ మార్కులతో పీహెచ్‌డీ ప్రవేశానికి వెళ్లొచ్చు. అప్పుడు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. జేఆర్ఎఫ్‌కి వయసు పరిమితి ఉంది కాబట్టి వచ్చే ఏడాది రాద్దాంలే అనుకోవద్దు.

రెండోది ప్రాజెక్టు ఉద్యోగం. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థలో గానీ, హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్‌లో (అంతరించిపోతున్న జీవుల మీద పనిచేసే ల్యాబ్) గానీ ప్రాజెక్టు అసోసియేట్‌గా చేరి, ఏడాది రెండేళ్లు ఫీల్డ్ నేర్చుకుని, అక్కడే రిజిస్టర్ అయినవాళ్లు చాలామంది. నేను అలా వచ్చినవాడినే. కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో పక్షుల, ప్రకృతి పరిశోధన సంస్థ సాకాన్, బెంగళూరులో ఐఐఎస్సీ, ఎన్సీబీఎస్, ఏట్రీ అనే పరిశోధన సంస్థలు కూడా చూడు. వీటిలో ఏట్రీలో ప్రకృతినీ జనాన్నీ కలిపి చదివిస్తారు. నువ్వు వనరుల నిర్వహణ అన్నావు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను.

మూడోది మన ఊళ్లోనే. ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ, పర్యావరణ శాస్త్రం, సముద్ర జీవ వనరుల వైపు చూడు.

కానీ ఇవన్నీ గేట్లు మాత్రమే. లోపలికి వెళ్లాక ఏం అడగబోతున్నావు? "తాబేళ్లు" అంటే టాపిక్ కాదు, ప్రాణి పేరు. ప్రశ్న కావాలి.


మాధవధార_అమ్మ
జనవరి 19, ఉదయం 6:50

అమ్మాయ్, నీ నాన్నగారి తరఫున నేను అడుగుతాను, ఏమీ అనుకోకు. మా అబ్బాయి కూడా ఇదే దారిలో ఉన్నాడు కాబట్టి నాకూ ఇది తెలియాలి. చదువయ్యాక ఉద్యోగం ఎక్కడ? ఫారెస్ట్ ఆఫీసర్ అవుతారా? పెళ్లి సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలి? పిల్లల ఇష్టం మాకు ముఖ్యమే, కాదనడం లేదు. రాత్రిళ్లు అడవిలో, బీచ్‌లో ఒక్కత్తే తిరగడం అంటే మాకు టెన్షన్ ఉంటుంది కదా.


బీట్_గస్తీ
జనవరి 19, ఉదయం 8:30

అటవీ శాఖలో సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. అమ్మగారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. చాలామందికి ఉన్న అపోహ ఒకటి తీరుస్తాను. ఫారెస్ట్ ఆఫీసర్ కావడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఐఎఫ్ఎస్‌కి (అటవీ సర్వీసు) యూపీఎస్సీ, రేంజ్ ఆఫీసర్‌కి ఏపీపీఎస్సీ పరీక్షలు వేరే ఉన్నాయి. డాక్టరేట్ చేసినవాళ్లు వెళ్లేవి వేరే చోట్లు: పరిశోధన సంస్థల్లో సైంటిస్టు, కాలేజీల్లో అధ్యాపకులు, శాఖలో కాంట్రాక్టు మీద వన్యప్రాణి జీవశాస్త్రవేత్త, స్వచ్ఛంద సంస్థలు, పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు. పర్మినెంట్ పోస్టులు తక్కువ. ఇది దాచకుండా చెప్పాలి.

పాపా, ఇక నీకు ఒక జాగ్రత్త. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి. చట్టంలో "వేట" అన్న మాటకు ఇచ్చిన అర్థం చాలామంది చదవరు. పక్షుల, సరీసృపాల గుడ్లను పాడుచేసినా, గుడ్లనో గూడునో కదిలించినా అది వేట కిందికే వస్తుంది. నువ్వు వాలంటీరుగా మా వాళ్ల వెంట నడవడం వేరు. నీ పరిశోధన కోసం గుడ్డు ముట్టుకోవడం వేరు. దానికి సెక్షన్ 12 కింద అనుమతి కావాలి, షెడ్యూల్ 1 కాబట్టి ఫైలు కేంద్రం దాకా వెళ్తుంది. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో పరిశోధనకైతే సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి. ఈ కాగితాలకు నెలలు పడతాయి. గైడ్ దొరికిన రోజే దరఖాస్తు మొదలుపెట్టాలి. సీజన్ ముందు నవంబరులో పరుగెత్తుకొచ్చి అడిగితే ఆ సీజన్ పోయినట్టే.


మధ్యలో_ఆపేసినవాడు
జనవరి 19, మధ్యాహ్నం 1:15

నేను మూడో ఏడాదిలో మానేశాను. సంస్థ పేరు చెప్పను. ఫెలోషిప్ లేకుండా చేరాను, వస్తుందని అన్నారు, రాలేదు. గైడ్ వేరే ఊరికి వెళ్లిపోయారు. కొత్త గైడ్ గారు నా టాపిక్ తన పని కాదని మార్చమన్నారు. రెండేళ్లపాటు కొండచిలువల మీద తెచ్చుకున్న డేటా ఇప్పటికీ మా ఇంట్లో అలమరలో ఉంది. అది తెరిచినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

అందుకని చెప్తున్నా, సంస్థ పేరు చూసి కాదు, గైడ్‌ని చూసి చేరు. ఆయన దగ్గర చదివిన ముగ్గురితో ఫోన్‌లో మాట్లాడు. అందులో ఒకరు మధ్యలో మానేసినవాళ్లయితే ఇంకా మంచిది. గైడ్‌కి సర్వీసు ఎన్నేళ్లుందో అడుగు, సిగ్గుపడకు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం రిటైర్మెంటుకు మూడేళ్ల కంటే తక్కువ ఉన్నవాళ్లు కొత్త విద్యార్థుల్ని తీసుకోకూడదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, ఆడపిల్లలకు ఇంకో రెండేళ్లు సడలింపు, 240 రోజుల ప్రసూతి సెలవు కూడా ఉన్నాయి. ఇవి ఇంట్లో వాళ్లకు చెప్పు, పెళ్లయితే చదువు ఆగిపోతుందనే భయం కొంత తగ్గుతుంది.


మెస్కీట్_నీడ
జనవరి 20, ఉదయం 5:40

గాజువాక అమ్మాయిని, ఇప్పుడు దక్షిణ టెక్సస్‌లో వన్యప్రాణి నిర్వహణలో పీహెచ్‌డీ చేస్తున్నాను. విదేశాల సంగతి అడిగావు కాబట్టి రాస్తున్నా చెల్లీ.

ఇక్కడ దారి తిరగేసి ఉంటుంది. ముందు యూనివర్సిటీ కాదు, ముందు ప్రొఫెసర్. నీ పనికి దగ్గరగా ఉన్న ప్రొఫెసర్‌కి ఉత్తరం రాస్తావు. ఆయన దగ్గర ప్రాజెక్టు డబ్బు ఉంటే అసిస్టెంట్‌షిప్ ఇస్తారు. ట్యూషన్ ఫీజు అందులో పోతుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఆ డబ్బు లేకుండా సొంత ఖర్చుతో మాత్రం రావద్దు. అప్పు చేసి చదవాల్సిన చదువు కాదిది. చేరబోయే సెమిస్టరుకు ఏడాది ముందు నుంచే ఉత్తరాలు మొదలుపెట్టాలి.

అయితే ఒక మాట లోతుగా చెప్పాలి. "వన్యప్రాణి నిర్వహణ" అన్న మాటకు ఇక్కడి అర్థం వేరు, మనకు వేరు. టెక్సస్‌లో నూటికి 90 పైగా భూమి ప్రైవేటు వాళ్లదే. జింక ఉండాలా, పిట్ట ఉండాలా అన్నది రాంచ్ (పెద్ద పశువుల క్షేత్రం) యజమాని పశువుల్ని ఎంత మేపుతాడు, ఎప్పుడు గడ్డికి నిప్పు పెడతాడు, నీటి తొట్టి ఎక్కడ కడతాడు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వేట లైసెన్సు ఉంటుంది, ఎన్ని జింకల్ని వేటాడొచ్చో లెక్క కట్టడమే మా క్లాసులో ఒక పాఠం. 1937లో వచ్చిన చట్టం వల్ల తుపాకులు, తూటాల మీద వేసే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వస్తుంది. మన దగ్గర వేట నిషేధం, అడవి ప్రభుత్వానిది, అంచుల్లో ఉండేది పేద జనం. అంటే ఇక్కడ నేర్చుకున్న లెక్క అక్కడ పనికొస్తుంది. మనుషులతో పని చేసే పద్ధతి మాత్రం మొత్తం మళ్లీ నేర్చుకోవాలి. నేను తిరిగొచ్చాక మొదట చేయాల్సింది అదే అనుకుంటున్నాను.

ఇంకోటి. విదేశీ యూనివర్సిటీలో చేరి మన తీరంలో శాంపిళ్లు తీసి బయటికి పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం వస్తుంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. నీ మనసు జోడుగుళ్లపాలెం ఇసుకలో ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టడం తేలిక.


ఉప్పుగాలి
జనవరి 20, ఉదయం 9:10

అమ్మా తీరంపిల్లా, నేను సముద్ర చేపల మీద 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాడిని. నీ 41 తాబేళ్ల నోట్‌బుక్ గురించి అడుగుతాను. ఆ 41 ఎన్ని నడకల్లో దొరికాయి? నడిచి ఏమీ కనపడని రోజులు కూడా రాశావా?


తీరంపిల్ల
జనవరి 20, రాత్రి 9:30

లేదు సార్. దొరికిన రోజులే రాశాను. ఏమీ లేని రోజు ఏం రాయాలో తోచలేదు.


ఉప్పుగాలి
జనవరి 20, రాత్రి 10:00

అదే నీ మొదటి పాఠం. ఏమీ కనపడని రోజు కూడా డేటాయే. 20 సార్లు నడిస్తే 41, 200 సార్లు నడిస్తే 41 ఒకటి కాదు. పైగా పొద్దున్నే మున్సిపాలిటీ వాళ్లు కళేబరాన్ని పూడ్చేస్తారు, కుక్కలు లాగేస్తాయి, ఆటుపోటుకు మళ్లీ లోపలికి పోతుంది. ఇవాళ్టి నుంచి నడిచిన ప్రతిరోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలకు అని రాయి. చూసినా, చూడకపోయినా.


కొండవాగు
జనవరి 21, ఉదయం 7:20

సార్ చెప్పింది నాకు అడవిలో రెండేళ్లకు అర్థమైంది. మా దగ్గర 30 చోట్ల, ముందు ఏదైనా కదిలితే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు కట్టాం. వాగు పక్కన చెట్టుకు, మోకాలి ఎత్తులో, గుడ్డతాడుతో. నెల తర్వాత కార్డు తెచ్చి చూస్తే ఒక కెమెరాలో నాలుగు వేల ఫొటోలు. అన్నీ గాలికి ఊగుతున్న ఒక్క ఆకే. ముందు కొమ్మ కొట్టడం మర్చిపోయాను. ఇంకో దాంట్లో మేకలు, మేకల వెనక పిల్లాడు, ఆ పిల్లాడు కెమెరాలోకి కన్ను పెట్టి చూడటం. మేం వెతుకుతున్న అలుగు (ఒంటి నిండా పొలుసులుండే జంతువు, పాంగోలిన్) ఒక్క చోటే పడింది, అదీ తోక మాత్రమే.

అప్పుడు నేను "మిగతా 29 చోట్లా అలుగు లేదు" అని రాయబోయాను. గైడ్ ఆపారు. లేదా, ఉన్నా నీకు కనపడలేదా? ఆ రెండింటినీ విడదీయడానికే ఆక్యుపెన్సీ లెక్క ఉంది. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, కనపడిన సార్లు, కనపడని సార్లు పెట్టుకుంటే, ఉండి కూడా తప్పించుకునే అవకాశం ఎంతో లెక్క తేలుతుంది. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, క్యూజీఐఎస్ ఉచితం. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక ఒక గంట వాటి మీద కూర్చో. ఇంటర్వ్యూలో "నాకు జంతువులంటే ప్రేమ" అన్నవాళ్లు వందమంది ఉంటారు. చేతిలో సొంత డేటా ఉండి, దాన్ని గీసి చూపించగలిగినవాళ్లు చాలా తక్కువ.


మన్యంబిడ్డ
జనవరి 21, రాత్రి 8:45

మాది చింతపల్లి వైపు. బాటనీ ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌తో చదువుతున్నాను. మా వైపు పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే దానికి దరఖాస్తు చేయండి, చాలామందికి తెలియక వదిలేస్తున్నారు.

నేను చెప్పాల్సింది వేరే. మా ఊరికి పరిశోధకులు వస్తుంటారు. ఫారం తెస్తారు. "అడవికి ఎన్నిసార్లు వెళ్తారు, ఏం తెస్తారు, వేటాడతారా" అని అడుగుతారు. మూడు రోజులుండి వెళ్తారు. ఆ థీసిస్‌లో మా గురించి ఏం రాశారో మాకు తెలియదు, ఒక్కరూ తిరిగొచ్చి చెప్పలేదు. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్లు అడవికి వేటకు వెళ్తారు. బయటివాళ్లు వచ్చి "వేట మానండి" అని మైకులో చెప్పి వెళ్తే ఎవరు వింటారు? మా తాత ఏ వాగు దగ్గర కణితి (సాంబార్ జింక) ఈనుతుందో తెలిసి ఆ వైపు వెళ్లనిచ్చేవాడు కాదు. ఆ సంగతి ఎవరి ఫారంలోనూ గడి లేక ఎక్కలేదు.

ప్రకృతి వనరులు అంటే మాకు చింతపండు, అడ్డాకు, కొండచీపుర్లు, తేనె. జీసీసీకి (గిరిజన సహకార సంస్థకి) అమ్మితేనే బియ్యం, ఉప్పు. కొండచీపురు ఎప్పుడు కోస్తే మళ్లీ దుబ్బు లేస్తుందో, ఎంత కోస్తే చచ్చిపోతుందో మా అమ్మకు తెలుసు. నేను ఇప్పుడు దాన్నే గడులు గీసి మూడు ఊళ్ల పొలిమేరల్లో కొలుస్తున్నాను. అమ్మ చెప్పిందాంట్లో ఒకటి తప్పని తేలింది, రెండు నిజమని తేలాయి. ఆ మూడూ మా ఊరి మీటింగులో చెప్పాను.

అక్కా, నీకు జాలారి పేటల్లో ఎవరు తెలుసు? ఆ దారం గీత ఉన్న తాబేలు ఏ వలలో పడిందో ల్యాబ్‌లో తెలియదు, పేటలో తెలుస్తుంది. కలివికోడి అనే పిట్టను చూడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందన్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అది దొరికింది కూడా దాన్ని ఎరిగిన స్థానిక వేటగాడి వల్లే.


తీరంపిల్ల
జనవరి 25, రాత్రి 11:10

తమ్ముడూ, నీ మాట విని ఈ ఆదివారం పేటకు వెళ్లాను. మా నాన్న స్నేహితుడు ఒకాయన, 50 ఏళ్లుగా సముద్రం మీద ఉన్నాడు. నేను తాబేళ్లు అనగానే ముఖం తిప్పుకున్నాడు. కాసేపటికి వల తెచ్చి చూపించాడు. నడుమ రెండు బారల మేర చిరిగిపోయి ఉంది. "తాబేలు పడితే వల కోసి వదలమంటారు. వదిలాను తల్లీ, కళ్లకద్దుకుని వదిలాను, అది కూర్మావతారం. కానీ ఈ వల బాగు చేయించడానికి రెండు వేలయింది. ఆ వారం వేటకు పోలేదు. అది ఎవరు రాస్తారు?" అన్నాడు.

నేను ఆ ఖర్చు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇంటికొచ్చి నిద్రపట్టలేదు.

ఇప్పుడు నాకు తోచిన ప్రశ్న: బీచ్ రోడ్డు లైట్ల వల్ల పిల్ల తాబేళ్లు సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పోతున్నాయా? ఇది బాగుంటుందా?


ఉప్పుగాలి
జనవరి 26, ఉదయం 8:00

మంచి ప్రశ్నే. కానీ ఒక ఇబ్బంది ఉంది. మన దగ్గర కనపడిన ప్రతి గూడునూ తవ్వి హేచరీకి తెస్తున్నారు. పిల్లలు హేచరీలో పుడతాయి, మనుషులు సముద్రంలో వదులుతారు. ఇక లైటు వైపు పోయే పిల్లను ఎక్కడ చూస్తావు? ప్రశ్న పుట్టిన చోటే దాన్ని కొలవగలమా అని చూసుకోవాలి.

హేచరీనే చూడు. గూటిలో వందకు అటూ ఇటూ గుడ్లు. తాబేలు పిల్ల ఆడో మగో గుడ్డు పెట్టినప్పుడు తేలదు. పొదిగే 45 నుంచి 60 రోజుల్లో మధ్య మూడో వంతు కాలంలో ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర గీత ఉంది. దాని పైన వేడి ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, కింద ఉంటే మగవి ఎక్కువ. మరీ వేడెక్కితే గుడ్డులోనే పోతాయి. జనవరి మొదట్లో తెచ్చిన గూటికి, మార్చిలో తెచ్చిన గూటికి ఒకటే వేడి ఉంటుందా? నీడ వల కప్పిన హేచరీకి, ఎండలో ఉన్నదానికి? మనం కాపాడుతున్నామనుకుంటూ అన్నీ ఆడపిల్లల్నే సముద్రంలోకి పంపుతున్నామా? ఇది నాకు తెలియాలని ఉంది. నా చేతుల్లో ఇక ఓపిక లేదు, నువ్వు చేయగలవు.


బీట్_గస్తీ
జనవరి 26, ఉదయం 10:25

హేచరీల్లో రిజిస్టర్లు ఉంటాయి పాపా. గూడు నంబరు, ఏ తేదీన తెచ్చారు, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు బయటికొచ్చాయి, ఎప్పుడు వదిలారు. మా వాచర్లు రాత్రంతా మేల్కొని రాసినవి. ఎవరూ వాటిని ఒకచోట చేర్చి చదవలేదు, ఆ బాధ నాకుంది. డివిజనల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. వాటికి గుడ్డు ముట్టుకోనక్కర్లేదు. గూళ్లలో వేడి కొలిచే పరికరాలు పెట్టడం మాత్రం అనుమతి వచ్చాకే. వాచర్ల పేర్లు థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో రాయి, మర్చిపోకు.

ఒక సంగతి కూడా రిజిస్టర్‌లో వెతుకు. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లోనే తేవాలి. ఆలస్యమైతే పిండం పెంకుకు అంటుకుంటుంది, కదిలిస్తే చచ్చిపోతుంది. దూరం బీచ్ నుంచి ఆలస్యంగా వచ్చిన గూళ్లలో పిల్లలు తక్కువ వచ్చేవని మాకు అనిపించేది. నిజమో కాదో నువ్వు లెక్క తీయి.


మధ్యలో_ఆపేసినవాడు
జనవరి 26, సాయంత్రం 4:40

ఇది చదువుతుంటే నాకు సంతోషంగా ఉంది. ఆ రిజిస్టర్లు దొరికితే మొదటి అధ్యాయం చేరకముందే సిద్ధమవుతుంది. గైడ్ మారినా ఆ ప్రశ్న నీదిగానే ఉంటుంది. నాకు దక్కనిది అదే. ఉద్యోగం మాత్రం ఫెలోషిప్ చేతికొచ్చేదాకా వదలకు.


మాధవధార_అమ్మ
జనవరి 27, ఉదయం 6:30

నిన్న రాత్రి మా అబ్బాయితో కూర్చుని ఇదంతా చదివించుకున్నాను. వాడు గిరినాగు (కింగ్ కోబ్రా) మీద చేస్తానంటున్నాడు, మాడుగుల వైపు. 2024లో గిరినాగు ఒకటి కాదు నాలుగు జాతులని తేల్చారట, అది చెప్తుంటే వాడి ముఖం వెలిగిపోయింది. నాకు పామంటే భయమే. కానీ వాడు ఏం చేస్తాడో ఇప్పుడు అర్థమైంది. అమ్మాయ్, మీ నాన్నగారికి ఉద్యోగం పేరు చెప్పడం కంటే ఆ ఇసుక వేడి సంగతి చెప్పి చూడు.


మెస్కీట్_నీడ
జనవరి 27, రాత్రి 9:15

చెల్లీ, గైడ్‌కి రాసే ఉత్తరం ఇక్కడ పెట్టు, అందరం చూస్తాం. ఒక పేజీ దాటొద్దు. "చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ఇష్టం" అని మొదలుపెట్టొద్దు. ఆయన రాసిన పేపర్ ఒకటి చదివి, అందులో నీ ప్రశ్నకు ఏది తగులుతుందో రెండు వాక్యాల్లో రాయి. జవాబు రాకపోతే రెండు వారాలకు మళ్లీ ఒకసారి రాయి. నేను 23 ఉత్తరాలు రాస్తే నలుగురు పలికారు.


తీరంపిల్ల
ఫిబ్రవరి 2, రాత్రి 10:50

రాశాను, చూడండి.

"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, విశాఖపట్నం తీరంలో మూడు సీజన్లుగా ఆలివ్ రిడ్లే గూళ్ల సేకరణలో వాలంటీరుగా ఉన్నాను. ఇక్కడ దాదాపు అన్ని గూళ్లనూ హేచరీకి మారుస్తారు. మార్చిన తేదీ, హేచరీలోని నీడ ఇసుక వేడిని ఎలా మారుస్తున్నాయి, దానివల్ల పిల్లల శాతం, ఆడ మగ నిష్పత్తి ఎటు పోతున్నాయి అన్నది నా ప్రశ్న. గత సీజన్ల రిజిస్టర్ల కోసం అటవీ శాఖకు దరఖాస్తు పెట్టాను. గుడ్లను తాకకుండా మొదటి ఏడాది ఏం చేయగలనో ఒక పేజీ జతచేశాను. వలల నష్టం గురించి మత్స్యకారులతో మాట్లాడటం కూడా ఈ పనిలో భాగం కావాలని నా కోరిక. జూన్‌లో నెట్ రాస్తున్నాను..."


కొండవాగు
ఫిబ్రవరి 3, ఉదయం 7:00

బాగుంది. ఒక్క మార్పు. పిల్లలు ఆడో మగో పైకి చూసి చెప్పలేం కాబట్టి "ఆడ మగ నిష్పత్తి" బదులు "వేడిని బట్టి అంచనా వేసిన నిష్పత్తి" అని రాయి. చదివే మనిషి మొదట పట్టుకునేది అక్కడే.


మన్యంబిడ్డ
ఫిబ్రవరి 3, ఉదయం 7:35

అక్కా, వలల సంగతి చివర్లో పెట్టావు. ఇంకొంచెం పైకి తీసుకురా. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న అది.


తీరంపిల్ల
ఫిబ్రవరి 11, ఉదయం 6:15

రెండూ మార్చి ముగ్గురికి పంపాను. ఒకరు జవాబిచ్చారు. వచ్చే నెల ఆన్‌లైన్‌లో మాట్లాడదామన్నారు, ఒక పేపర్ చదవమని పంపారు.

నాన్నకు ఇసుక వేడి సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "మరి దాన్నెలా కొలుస్తావు?" అన్నారు. ఇవాళ పొద్దున్న నాలుగింటికి ఆయనే నన్ను లేపారు. కాలేజీ ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్న పొడవాటి మట్టి థర్మామీటర్ పట్టుకుని, హేచరీకి దూరంగా, గూళ్లేమీ లేని చోట, పోటు గీతకు పైన ఇసుక తవ్వాం. నాన్న టార్చ్ పట్టుకున్నారు. పైన ఇసుక చల్లగా ఉంది, చెయ్యి లోపలికి పెట్టేకొద్దీ వెచ్చగా తగిలింది. 27.4 డిగ్రీలు. నాన్న వంగి తనూ చెయ్యి పెట్టి చూశారు.

ఇవాళ నడకలో చచ్చిన తాబేలు కనపడలేదు. అదీ రాశాను.


ఉప్పుగాలి
ఫిబ్రవరి 11, ఉదయం 6:40

ఎంత లోతులో తీశావమ్మా? టైమ్ రాశావా?


తీరంపిల్ల
ఫిబ్రవరి 11, ఉదయం 6:42

45 సెంటీమీటర్లు సార్. 4:50కి. సాయంత్రం అక్కడే మళ్లీ తీస్తాం.